వెంకటరమణ, భెంకటరమణ ఒక్కరేనా?

ఒడిశాలోని రాయగడ నుంచి 34 ఏళ్ల సోదరి ఒకరు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేర్లు, కొన్ని గుర్తులు మార్చి సారాంశం ఇస్తున్నాను.

వాళ్ల నాన్నగారు రాయగడలో కిరాణా కొట్టు నడిపేవారు. 1978లో, ఆయనకు 15 ఏళ్లప్పుడు తండ్రి పోతే, తల్లే కష్టపడి ముగ్గురు పిల్లల్నీ పెంచింది. పోయిన ఏడాది నాన్నగారికి జబ్బు చేసింది. అక్కడ అందరూ చేసేదే వీళ్లూ చేశారు, రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లారు. ఆయన ఆ ఆస్పత్రిలోనే పోయారు. విల్లు రాయలేదు. రాయగడలో ఆయన సొంత సంపాదనతో కొన్న చిన్న ఇల్లు, నామినీ లేని బ్యాంకు ఖాతా ఉన్నాయి. గునుపురం వైపు పల్లెలో 80 డెసిమల్ల (అంటే 80 సెంట్ల) పొలం ఉంది గానీ అది ఇంకా తాతగారి పేరు మీదే ఉంది.

ఈమెకు పెళ్లయింది, అదే ఊళ్లో ప్రైవేటు స్కూల్లో టీచరు. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం. అమ్మ రాయగడ ఇంట్లోనే ఉంటుంది. "నాన్నమ్మకు 85 దాటాయి, పార్వతీపురంలో మా పెద్దత్త దగ్గర మంచం మీదే ఉంది" అని ఒక వాక్యంలో రాశారు. చిన్నత్త బరంపురంలో ఉంటారట.

లీగల్ హెయిర్ సర్టిఫికెట్ కోసం తహసీల్ ఆఫీసుకు వెళ్తే మొదటిసారి "ఆంధ్రా డెత్ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు" అన్నారు. రెండోసారి ఆర్.ఐ. (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) చూసి "పట్టాలో పేరు, సర్టిఫికెట్లో పేరు కలవడం లేదు" అన్నారు. ఒడియా పట్టాలో "భెంకటరమణ" అని ఉంది, ఇంటిపేరు చివర్లో ఉంది. విశాఖ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందు, తర్వాత "వెంకటరమణ" అని ఉంది. మూడోసారి కాగితాలు తీసుకోనే లేదు. ఆఫీసు బయట ఒకతను 15,000 ఇస్తే అంతా చూసుకుంటానన్నాడు. విజయనగరం బంధువులేమో "మా దగ్గరైతే సచివాలయంలోనే పనైపోయేది, విశాఖ వెళ్లి పేరు మార్పించుకు రా" అంటున్నారు. తమ్ముడు "ఇంట్లో అమ్మ ఉంటూనే ఉంది కదా అక్కా, వదిలెయ్" అంటున్నాడు. అమ్మ "మనది వేరే భాష, వాళ్లతో గొడవ పెట్టుకోకు" అంటోంది.

"ఆఫీసులో నాన్నను భెంకటరమణ అని పిలిచినప్పుడల్లా అమ్మ తల దించుకుంటుంది. వెళ్లిన ప్రతిసారీ నాకు ఒక రోజు జీతం పోతోంది. దళారికి డబ్బిచ్చేయనా, విశాఖ వెళ్లనా, వదిలేయనా? నాకు రాత్రుళ్లు ఇదే టెన్షన్" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీలాగే నేనూ పేరు గొడవ దగ్గరే ఆగిపోయాను. రెండోసారి చదివితే అసలు చిక్కు వేరేచోట కనిపించింది. దాని సంగతి తర్వాత. మీకు నిద్ర పట్టనివ్వనిది పేరే కాబట్టి ముందు దాన్ని చూద్దాం.

ఒడియా ఉచ్చారణలో మన "వ" పలకదు. వకారం కోసం విడిగా అక్షరం లేకపోలేదు గానీ, పేర్లలో వచ్చే "వ"ను "భ" అనో "బ" అనో రాయడం అక్కడ ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అందుకే వెంకటేశ్వర్లు భెంకటేశ్వర్లు అవుతాడు. ఇంటిపేరు చివరికి వెళ్లడం కూడా అంతే, అక్కడి వాళ్ల పేర్ల వరుస అది. ఎవరూ మీ నాన్నగారిని చిన్నబుచ్చాలని చేసిన పని కాదు. మా నాన్న పేరు ఒక ఆఫీసు రిజిస్టర్లో మూడు పేజీల్లో మూడు రకాలుగా ఉండేది, రాసిన గుమస్తా మాత్రం ఒక్కడే. ఈ సంగతి అమ్మగారికి నెమ్మదిగా చెప్పండి. ఆ గదిలో ఆమె తల దించుకోవాల్సిన పని లేదు.

ఇది తెలిస్తే ఇంకో లాభం కూడా ఉంది. ఒడిశా భూమి రికార్డులుండే భూలేఖ్ సైట్లో జిల్లా, తహసీల్, మౌజా (రెవెన్యూ గ్రామం) ఎంచుకున్నాక ఖాతా నంబరుతో గానీ, ప్లాట్ నంబరుతో గానీ, పట్టాదారు పేరుతో గానీ వెతకొచ్చు. పేర్ల జాబితా ఒడియాలో ఉంటుంది. తాతగారి పొలం అందులో దొరకలేదని రాశారు. ఆయన పేరు కూడా "వ"తోనే మొదలవుతుంది కదా, "భ" కింద, "బ" కింద కూడా ఓసారి చూడండి. ఒడియా కూడబలుక్కుని చదవగలనన్నారు, అది చాలు. దొరికిన ప్రింటు మీరు చూసుకోవడానికే పనికొస్తుంది. అర్జీకి జత చేసేందుకు తహసీల్లో సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలి.

ఇక పేరుకు దారులు. బంధువులు చెప్పినట్టు విశాఖ వెళ్లి డెత్ సర్టిఫికెట్ దిద్దించడం ఒకటి. జనన మరణ రిజిస్టర్లో తప్పు పడితే దిద్దే అధికారం 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో రిజిస్ట్రారుకు ఉంది. కానీ అక్కడ తప్పేం పడింది? మీ నాన్నగారి పేరు వెంకటరమణే. సరిగ్గా ఉన్న పేరును "భెంకటరమణ" చేయమని తెలుగు ఊళ్లో ఆఫీసరును అడిగితే ఆయన మీ వంక ఎలా చూస్తాడో ఊహించుకోండి. ఒకవేళ చేశాడే అనుకుందాం. అప్పుడు ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఓటరు కార్డు ఆ సర్టిఫికెట్‌తో కలవవు. ఒక ముడి విప్పబోయి మూడు వేసుకున్నట్టవుతుంది.

పట్టాలో పేరు దిద్దించడం రెండోది. ఆయన ఉండగా అయితే చేయించుకోమనే చెప్పేవాణ్ని. ఇప్పుడు ఎలాగూ మ్యుటేషన్ జరిగి ఆయన స్థానంలో వారసుల పేర్లు ఎక్కుతాయి. త్వరలో తీసేసే పేరును దిద్దడానికి ఒక కేసు, అది తేలాక తీసేయడానికి ఇంకో కేసు ఎందుకు?

ఏ కాగితాన్నీ ముట్టుకోకుండా రెండింటినీ కలిపే ఇంకో కాగితం పుట్టించడం మూడోది. పట్టాలో ఉన్న ఫలానా, డెత్ సర్టిఫికెట్లో ఉన్న ఫలానా, ఆధార్లో ఉన్న ఫలానా ముగ్గురూ ఒకే మనిషి అని మీ అమ్మగారు ఇచ్చే అఫిడవిట్ అన్నమాట. నోటరీ దగ్గర గానీ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందు గానీ చేయొచ్చు. అందులో ప్రతి రూపాన్నీ ఆ కాగితంలో ఉన్నట్టే, అక్షరం మార్చకుండా రాయించండి, "వెంకటరమణ ఉరఫ్ భెంకటరమణ" అని. అఫిడవిట్ ఒక్కటే ఉంటే ఆర్.ఐ. పెదవి విరవొచ్చు. రెండు పేర్లకూ వారధిలా ఉండే పాత కాగితం ఏదైనా తోడుంటే మంచిది. ఇల్లు కొన్నప్పటి రిజిస్ట్రీ, ఖజణా (భూమి శిస్తు) రసీదులు, కొట్టు లైసెన్సు, రేషన్ కార్డు, ఏదైనా సరే. రెండు కాగితాల మీద ఒకే చిరునామా, ఒకే తండ్రి పేరు ఉంటే "వ"కూ "భ"కూ పెద్ద తేడా మిగలదు. నన్నడిగితే మీకు ఇదే దారి.

"ఆంధ్రా సర్టిఫికెట్ చెల్లదు" అన్నమాట మాత్రం శుద్ధ తప్పు. ఆ 1969 చట్టం కేంద్రానిది. మనిషి ఎక్కడ పోతే మరణం అక్కడే నమోదవుతుంది, ఎక్కడివాడన్నదానితో పని లేదు. విశాఖలో పోయిన మనిషికి రాయగడ మున్సిపాలిటీ డెత్ సర్టిఫికెట్ ఇవ్వనే ఇవ్వకూడదు. సరిహద్దు ఊళ్లలో సగం కుటుంబాలకు ఇదే పరిస్థితి, పెద్ద జబ్బంటే విశాఖే కదా. అదే లెక్కన విజయనగరం బంధువుల సచివాలయం మాట కూడా మీకు పనికిరాదు. ఆంధ్రాలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అంటారు, దాని పద్ధతి వేరు. నాన్నగారి కాపురం రాయగడ కాబట్టి లీగల్ హెయిర్ సర్టిఫికెట్ ఇవ్వాల్సింది రాయగడ తహసీల్దారే. బంధువులది ప్రేమే, వాళ్ల అనుభవం మాత్రం వేరే రాష్ట్రానిది.

ఇప్పుడు నేను తర్వాత చెబుతానన్న సంగతి. "నాన్నమ్మకు 85 దాటాయి, మంచం మీదే ఉంది" అని రాశారు చూశారా, అక్కడ ఆగిపోయాను. అర్జీలో వారసులుగా అమ్మ, మీరు, తమ్ముడు, ముగ్గురి పేర్లే రాశానన్నారు. హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం విల్లు రాయకుండా పోయిన మగమనిషి ఆస్తికి మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతోపాటు ఆయన తల్లి కూడా ఉంటుంది. తల్లి అంటే పోయినాయనకు తల్లి, మీ నాన్నమ్మ. నాన్నగారి సొంత సంపాదన ఇంట్లో అమ్మకు ఒక వాటా, మీకు ఒకటి, తమ్ముడికి ఒకటి, నాన్నమ్మకు ఒకటి. నాలుగో వంతు ఆవిడది. పెళ్లైన కూతురు కాబట్టి మీకు రాదని ఎవరైనా అన్నా వినకండి, ఆ తేడా చట్టంలో లేదు.

మీరు కావాలని దాచారని అనడం లేదు. చాలా ఇళ్లలో వారసులనగానే పిల్లలు గుర్తొస్తారు గానీ, కొడుకు ముందుగా పోతే మిగిలిపోయిన తల్లి ఎవరికీ గుర్తురాదు. కానీ ఆర్.ఐ. విచారణకు వచ్చి ఇరుగుపొరుగుల్ని అడిగితే "ముసలమ్మ ఉంది కదా" అని ఒక్కరైనా అంటారు. మీ అర్జీ వెనక్కి రావడానికి పేరు ఒక్కటే కారణమా, ఇదీ తోడైందా అన్నది ఫైలు చూస్తేగానీ తెలియదు.

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. నాన్నమ్మ పేరు వదిలేసి సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి ప్రయత్నించొచ్చు, దళారి తప్పకుండా ఆ సలహాయే ఇస్తాడు. సర్టిఫికెట్ వచ్చినా వస్తుంది. కానీ "వేరే వారసులు లేరు" అని ప్రమాణం చేసి సంతకం పెట్టేది మీ అమ్మగారు. రేపు పెద్దత్తో చిన్నత్తో అభ్యంతరం పెడితే, లేదా ఇల్లు అమ్మబోతే కొనేవాడి లాయరు వంశావళి అడిగితే, ఆ అబద్ధపు అఫిడవిట్‌కు జవాబు చెప్పాల్సిందీ ఆమే. మరో దారి, నలుగురి పేర్లూ రాయడం. అప్పుడు ఇల్లు నలుగురి పేరు మీదకి వస్తుంది. నాన్నమ్మ తదనంతరం ఆవిడ వాటా ఆవిడ వారసులకు వెళ్తుంది. అందులో అత్తలూ ఉంటారు, నాన్నగారి వైపు నుంచి మీరూ తమ్ముడూ ఉంటారు. ఆవిడకు ఇష్టమైతే ఇప్పుడే తన వాటాను మీ అమ్మగారికి వదులుకుంటూ రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాయొచ్చు. మంచం మీద ఉన్న మనిషి కోసం రిజిస్ట్రారు ఇంటికి వచ్చే ఏర్పాటు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. పార్వతీపురం వేరే రాష్ట్రం కాబట్టి ఏ ఆఫీసులో రిజిస్టరు చేయించాలి, స్టాంపు ఖర్చు ఎంతవుతుందన్నది ముందే రాయగడ సబ్ రిజిస్ట్రారును అడగండి.

ఆవిడ ఇవ్వనంటే? అది ఆవిడ హక్కు. 15 ఏళ్ల కొడుకును చేతుల్లో పెట్టుకుని నెట్టుకొచ్చిన మనిషి, ఆ కొడుకు ఇంట్లో తనకు పావు వంతు ఉందని తెలిసి సంతోషిస్తుందో, "నాకెందుకమ్మా" అంటుందో నేను చెప్పలేను. అడగకుండా మీరూ చెప్పలేరు. ఏ ఆఫీసుకైనా తర్వాత వెళ్లొచ్చు, ముందు ఒక ఆదివారం అమ్మను తీసుకుని పార్వతీపురం వెళ్లి రండి. అత్తను పక్కన కూర్చోబెట్టుకునే మాట్లాడండి. చాటుగా సంతకం తీసుకున్నారనే మాట మీ మీద పడకూడదు.

తర్వాత ఆఫీసు సంగతి. మూడుసార్లు వెళ్లారు, మూడుసార్లూ నోటిమాటతో తిప్పి పంపారు. నాకు కోపం తెప్పించింది ఇదే. ఒడిశాలో 2012 నాటి ప్రజా సేవల హక్కు చట్టం ఉంది. దాని కిందకి వచ్చే ప్రతి సేవకూ గడువు, బాధ్యుడైన అధికారి, ఆయన చేయకపోతే అప్పీలు వినే అధికారి ఉంటారు. అర్జీకి రసీదు ఇవ్వాలి. కాదంటే కారణం రాతలో ఇవ్వాలి. ఏ సేవకు ఎన్ని రోజులన్న బోర్డు ఆఫీసు గోడ మీద ఉండాలి. ఈసారి వెళ్లినప్పుడు ముందు దాన్నే ఫోనులో ఫొటో తీసుకోండి. కౌంటరు దగ్గర ఫోను తీసి బోర్డు ఫొటో తీసే మనిషితో మాట్లాడే తీరు కాస్త మారుతుంది, ఇది నేను కళ్లారా చూశాను.

కాగితాలు తీసుకోకపోతే గొడవ పడొద్దు. ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్లోనో, దగ్గర్లో ఉన్న జన సేవా కేంద్రంలోనో ఆన్‌లైన్లో పెట్టండి. అర్జీ నంబరు పుడుతుంది. నంబరు పుట్టిన అర్జీని "మేం చూడలేదు" అనడం కష్టం. మీకు జీతం కోత ఉంది కాబట్టి ఇది సెలవు పెట్టకుండా సాయంత్రం పూట చేసుకోగలిగే పని కూడా.

ఇంతకుముందు పెట్టిన రెండు అర్జీల మీద ఏం రాశారో తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. "ఫలానా తేదీన నేను ఇచ్చిన అర్జీ మీద ఆర్.ఐ. రాసిన నివేదిక, నోట్ షీట్ నకళ్లు ఇవ్వండి" అని అడగండి. "ఎందుకు ఇవ్వలేదు?" అని అడగకండి. ఎందుకు అంటే తప్పించుకుంటారు, నకలు అంటే తప్పించుకోలేరు. ఒడిశాలో దీనికి ఫారం ఎ ఉంటుంది, ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోతుంది. గుర్తింపు కాగితం ఒకటి జత చేయండి. ఇంగ్లీషులో రాయొచ్చు, చట్టమే ఇంగ్లీషు, హిందీ, స్థానిక అధికార భాష అని మూడూ చెప్పింది. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా భువనేశ్వర్‌లోని సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఒక్క హెచ్చరిక: ఇది ఫైల్లో ఏముందో చూపిస్తుందే తప్ప సర్టిఫికెట్ తెచ్చిపెట్టదు. చాలామంది ఆర్‌టీఐ వేసి సర్టిఫికెట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. రెండూ పక్కపక్కనే నడవాలి.

కలెక్టరు గారి దగ్గర సోమవారం ఫిర్యాదుల విచారణ కూడా ఉంది, జన సుణాణి పోర్టల్ ఉంది. మొదటి అడుగే అక్కడ వేయమనను. తహసీల్ ఆఫీసుతో మీకు ఇంకా మ్యుటేషన్ పని ఉంది, ముందే పైకి ఎక్కితే కింద మనసులు ముడుచుకుంటాయి. నంబరున్న అర్జీ గడువు దాటిందనుకోండి, అప్పుడు నిస్సంకోచంగా వెళ్లండి.

"మనది వేరే భాష" అన్న అమ్మగారి మాట దగ్గరికి వస్తాను. ఆ భయాన్ని తీసిపారేయను, అది ఎన్నో కౌంటర్ల ముందు నిలబడి నిలబడి వచ్చిన భయం. కానీ రాయగడలో తెలుగు నిన్న మొన్న వచ్చిన భాష కాదని ఆమెకు గుర్తు చేయండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. తర్వాత కొరాపుట్ జిల్లాలోకి వెళ్లి, 1992 అక్టోబరు 2న రాయగడ జిల్లా అయింది. అంతకన్నా పనికొచ్చే విషయం రాజ్యాంగం 350వ అధికరణంలో ఉంది. ఏ అధికారికైనా సరే, ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన ఫిర్యాదును విన్నవించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. అంటే అమ్మగారు తన గోడును తెలుగులో రాసి కలెక్టరుకు ఇవ్వొచ్చు. పని త్వరగా కావాలంటే మాత్రం ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ ఇవ్వడమే నయం. హక్కు తెలిసి ఉండడం వేరు, ప్రతిచోటా దాన్నే పట్టుకుని కూర్చోవడం వేరు.

దళారి సంగతి. 15,000 పెద్ద మొత్తమే అయినా డబ్బు ఒక్కటే అయితే ఇంత ఆలోచించే పని లేదు, మీ సెలవులు లెక్కేసుకుంటే అంతకంత పోయేలా ఉంది. భయమల్లా ఆ మనిషి అమ్మగారి చేత ఒడియాలో ఏం రాసిన కాగితం మీద సంతకం పెట్టిస్తాడన్నదే. ఆమెకు ఒడియా చదవడం రాదు. అతనికి పని ముగియడం ముఖ్యం, నాన్నమ్మ పేరు ఉందా లేదా అన్నది అతనికి పట్టదు. ఎవరు రాసినా సరే, ప్రతి కాగితాన్నీ ఆమెకు తెలుగులో చదివి వినిపించాకే సంతకం. ఖాళీ కాగితం మీద అయితే వద్దే వద్దు.

రాయించే మనిషి కావాలంటే అతని కన్నా మంచి చోటుంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. రాయగడలో జిల్లా న్యాయ సేవా ప్రాధికార సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు. తెలుగు వచ్చిన లాయరు కావాలని అడగండి, ఆ ఊళ్లో తెలుగు రాని లాయరును వెతకడమే కష్టం. అఫిడవిట్, వంశావళి, అర్జీ మూడూ వాళ్ల చేత చూపించుకుంటే చాలు. వాళ్లు ఆలస్యం చేయొచ్చు, రెండుమూడు సార్లు గుర్తు చేయాల్సి రావొచ్చు. అది మాత్రం ముందే అనుకుని వెళ్లండి.

తమ్ముడు చెప్పినట్టు వదిలేస్తే ఏమవుతుంది? రేపేమీ కాదు, ఎల్లుండీ ఏమీ కాదు. ఇంట్లోంచి అమ్మను ఎవరూ వెళ్లగొట్టరు. అందుకే ఆ మాట అంత తీయగా ఉంటుంది. తర్వాత ఏమవుతుందో చూడాలంటే మీ తాతగారి పొలాన్నే చూడండి. 1978లో ఎవరో "ఉంటూనే ఉన్నాం కదా" అన్నారు. అప్పుడు నాలుగు సంతకాలతో అయ్యే పని. ఇప్పుడు ఆ పొలానికి నాన్నమ్మ, ఇద్దరు అత్తలు, మీ ముగ్గురు ఉన్నారు. తమ్ముడికి ఈ పేరా చదివి వినిపించండి.

పొలాన్ని మాత్రం ఇంటి పనితో కలపకండి, రెండూ ఒకే సంచిలో వేస్తే రెండూ ఆగుతాయి. తాతగారి మరణం ఎక్కడైనా నమోదైందేమో ముందు వెతికించాలి. అప్పట్లో అది కొరాపుట్ జిల్లా, కాబట్టి రాయగడలో లేదంటే కొరాపుట్‌లో కూడా అడగండి. లేదని రాతలో ఇస్తే ఆలస్యపు నమోదుకు వెళ్లాలి. ఏడాది దాటిన మరణాలకు పూర్వం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఆర్డరు కావాల్సి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఆర్డరు ఇవ్వొచ్చు. కోర్టు మెట్లు తప్పినట్టే. అత్తల వాటా ఎంతన్నది ఆ భూమి తాతగారి స్వార్జితమా, పిత్రార్జితమా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎంతైనా ఉండటం మాత్రం ఉంటుంది. అందరూ ఒక మాట మీదకి వస్తే ఒడిశా భూసంస్కరణల చట్టం 19వ సెక్షన్ కింద, హక్కుదారుల ఒప్పందం మీద రెవెన్యూ అధికారే పంపకం ఆర్డరు ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు లేని దారి అది. ఒక్కరు కాదన్నా అది నడవదు, సివిల్ కోర్టే గతి. అత్తల్ని మంచి చేసుకోమనడం ఇందుకే. పెద్దత్త ఇంటికి ఎలాగూ వెళ్తున్నారు కదా.

బ్యాంకుది చిన్న పని. నామినీ లేకపోయినా తక్కువ మొత్తాలకు వారసుల ఇండెమ్నిటీ బాండు (పూచీ పత్రం) మీద ఇచ్చే పద్ధతి ఉంది, మేనేజరును ఆ ఫారమే అడగండి. ఆయన సక్సెషన్ సర్టిఫికెట్ అంటే అది సివిల్ కోర్టు ఇచ్చేది, తహసీల్దారు ఇచ్చేది కాదు. రెండూ ఒకటనుకుని ఇటూ అటూ తిరక్కండి. మున్సిపాలిటీ హోల్డింగ్ ట్యాక్సులో పేరు మార్పు పట్టా మారాక చూసుకోవచ్చు. పన్ను రసీదు యాజమాన్యానికి రుజువు కాదు కాబట్టి తొందర లేదు.

చివరగా ఒక చిన్న పని చెబుతాను, దీన్ని మాత్రం మరిచిపోకండి. మ్యుటేషన్ అయ్యాక వచ్చే కొత్త పట్టాలో మీ అందరి పేర్లు ఒడియాలో ఎక్కుతాయి. ఎలా రాయాలో మీరు చెప్పకపోతే గుమస్తాకు తోచినట్టు రాస్తాడు, ఇరవై ఏళ్ల తర్వాత మీ పిల్లలు ఇలాంటి ఉత్తరమే ఇంకెవరికో రాస్తారు. అందరి పేర్లూ ఆధార్లో ఒడియాలో ఎలా ఉన్నాయో అలాగే ఒక కాగితం మీద రాసి అర్జీకి జత చేయండి. ఆధార్లోనే తప్పుంటే ముందు అక్కడ దిద్దించండి. ఆ పట్టాలో అమ్మగారి పేరు పక్కన భర్త పేరు, మీ పేరు పక్కన తండ్రి పేరు కూడా రాస్తారు. అంటే మీ నాన్నగారి పేరు అందులో మళ్లీ వస్తుంది. అఫిడవిట్లో రెండు రూపాలూ ఉన్నాయి కాబట్టి ఏది రాసినా చిక్కు రాదు. అక్కడ ఆయన పేరు ఏ అక్షరంతో మొదలవాలో అమ్మగారినే అడిగి, ఆమె చెప్పినట్టు రాయించండి.